ఆ పాత సాహస సినిమా పిల్లలకి చూపించొచ్చా?

ప్రియమైన అక్కకు,

మీరంతా బాగున్నారని తలుస్తాను. ఇండియానా జోన్స్ మొదటి సినిమా, అదే రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్, సెలవుల్లో పిల్లలిద్దరికీ కలిపి చూపించొచ్చా అని అడిగావు. అట్ట మీద పీజీ (పిల్లలకి పెద్దవాళ్ళు చూసుకుని చూపించాలనే అమెరికా గుర్తు) అని ఉంది, పైగా బావ కూడా చిన్నప్పుడే చూశానంటున్నాడు, ఇక భయమేముంది అని నీ ఉద్దేశం. ముందు జవాబు చెప్పేస్తాను. నాలుగేళ్ళ చిన్నోడికి వద్దు. తొమ్మిదేళ్ళ పెద్దదానికి చూపించు, కాకపోతే నువ్వు ముందు ఒక్కసారి పూర్తిగా చూడాలి. తర్వాత దాని పక్కనే కూర్చుని, రెండు చోట్ల రిమోట్ చేతిలో పట్టుకోవాలి.

ఆ పీజీ అక్షరాల్ని మాత్రం నమ్ముకోకు. సినిమా 1981లో వచ్చింది. అప్పట్లో అమెరికాలో పీజీ దాటితే నేరుగా ఆర్, అంటే పదిహేడేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళ తోడు లేకుండా చూడకూడనిది. మధ్యలో మెట్టు లేదు. ఆరేళ్ళవాడు చూడదగ్గదీ, పన్నెండేళ్ళవాడికి గానీ తగనిదీ ఒకే గూట్లో పడేవి. 1984లో ఇదే వరుసలో రెండో సినిమా వచ్చింది. అందులో బతికున్న మనిషి గుండెని చేత్తో పెరికే దృశ్యం ఉంది. దాని మీదా, అదే వేసవిలో వచ్చిన మరో సినిమా మీదా తల్లిదండ్రులు గొడవ చేశాకే ఆ జులై 1 నుంచి పీజీ-13 అనే మెట్టు, అంటే పదమూడేళ్ళలోపు పిల్లలకి జాగ్రత్త అనే గుర్తు, పెట్టారు. ఇంకో విచిత్రం చూడు. 1989లో వచ్చిన మూడో సినిమాకి పీజీ-13 ఉంది, కానీ నా లెక్కలో అది మొదటిదానికన్నా మెత్తన. గూడు ఉంది గనక అందులో పడింది, అంతే. మన దేశంలోనూ 1983 దాకా యూ, ఏ రెండే ఉండేవి, యూఏ ఆ తర్వాత వచ్చింది. అందులోనూ 7, 13, 16 ఏళ్ళని విడగొట్టింది 2024లో. అందుకే పాత సినిమా సర్టిఫికెట్ చూసినప్పుడు, ఆ ఏడాదికి ఎన్ని గూళ్ళున్నాయో ముందు కనుక్కోవాలి.

బావ మాట కూడా పక్కన పెట్టు. ఈ సినిమా పేరెత్తితే ఎవరికైనా గుర్తొచ్చేది దొర్లుకొచ్చే బండరాయి, కొరడా, టోపీ. మధ్యలో ఏముందో నలభై ఏళ్ళ తర్వాత ఎవరికీ వరసగా గుర్తుండదు. ఎన్నో ఏట చూశామన్నది కూడా మనం సాధారణంగా ఒకటి రెండేళ్ళు తగ్గించే చెప్పుకుంటాం.

ఇక సినిమాలోకి వద్దాం. మొదటి పది నిమిషాల్లోనే గుహలో మనుషుల వీపుల మీద పాకే పెద్ద సాలీళ్ళు, మేకులకి గుచ్చుకుపోయి ఒక్కసారిగా ముందుకొచ్చే శవం. నేపాల్ సారాకొట్టులో కాలిన ఇనప కడ్డీ ఒకామె ముఖం దగ్గరికి తెస్తారు. ఆ వెంటనే తుపాకులు, మంటలు, రక్తం. కైరోలో కోతి విషం కలిపిన ఖర్జూరాలు తిని చచ్చిపోతుంది. కథానాయిక మారియన్ పేలిన లారీలో పోయిందని హీరో అనుకుంటాడు. తర్వాత పాముల గది, అక్కడే పుర్రె నోట్లోంచి బయటికొచ్చే పాము. విమానం పక్కన కొట్లాటలో ఒకడు తిరిగే ప్రొపెల్లర్‌లో పడతాడు. పడటం చూపించరు, విమానం తోక మీద రక్తం చిమ్మటం చూపిస్తారు. ఇక ఆఖర్లో, కథంతా దేనికోసం వెతుకుతారో ఆ పవిత్ర పేటిక తెరిచాక అందంగా తేలొచ్చిన ఆత్మ ముఖం ఉన్నట్టుండి పుర్రె అవుతుంది. ఒకడి ముఖం మైనంలా కరిగిపోతుంది, ఇంకొకడిది ఎండి ముడుచుకుపోతుంది, మూడోవాడి తల పేలుతుంది. ఆ పేలుడుకి ఆర్ వచ్చేలా ఉందని, దాని మీద మంటల దృశ్యాన్ని ఒక పొరగా వేసి పీజీ తెచ్చుకున్నారు. పెద్దవాళ్ళకే ఒళ్ళు జలదరించే చోటు అది.

ఇందులో ఏది ఏ వయసుకి తగులుతుందన్నదే అసలు విషయం. పిల్లల భయాల మీద ఏళ్ళ తరబడి పరిశోధించిన జోఆన్ కాంటర్ తేల్చినదేమిటంటే, ఆరేడేళ్ళలోపు పిల్లలు రూపం చూసి భయపడతారు. మంచి మనిషే అయినా కళ్ళ ముందు వికృతంగా మారితే చాలు, హడలిపోతారు. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి రూపం కన్నా జరిగేదాని మీద భయం: మనిషి చచ్చిపోతాడేమో, అమ్మానాన్నలకి దూరమవుతారేమో అని. ఈ సినిమా ఆఖరంతా రూపం మారటమే, అందుకే చిన్నోడికి వద్దన్నాను. "అది నిజం కాదు నాన్నా, ఉత్తిదే" అనే ఓదార్పు కూడా ఆ వయసులో పనిచేయదు. ఉత్తిదని నోటితో ఒప్పుకుంటాడు, రాత్రి పక్క దిగి వచ్చేస్తాడు.

పెద్దదానికి మాత్రం ఆ మాటే పనిచేస్తుంది, ఎలా తీశారో చెబితే ఇంకా బాగా పనిచేస్తుంది. కరిగే ముఖం జెలటిన్‌తో పోసింది. లోపల గట్టి పుర్రె అచ్చు పెట్టి, బయటినుంచి వేడి తగిలించి మెల్లగా కరగనిచ్చారు. కెమెరాని చాలా నెమ్మదిగా నడిపి తీసినందువల్ల తెర మీద క్షణాల్లో కరిగినట్టు కనిపిస్తుంది. నాగుపాముకీ హీరోకీ మధ్య గాజు పలక ఉంది. పాత ప్రింట్లలో ఆ గాజులో పాము నీడ కనిపించేది కూడా, తర్వాత చెరిపేశారు. బండరాయి ఫైబర్‌గ్లాసుది. ఈ కబుర్లన్నీ సినిమాకి ముందే చెప్పు, అది ఆ గాజు ఎక్కడుందా అని వెతుక్కుంటూ చూస్తుంది. కోతి చావుకి, మారియన్ చావుకి మాత్రం తెర వెనక కబుర్లు సరిపోవు. మారియన్ బతికే ఉంటుందని లారీ పేలగానే చెవిలో చెప్పెయ్. కథ చెప్పేస్తే మజా పోతుందని పెద్దవాళ్ళు అనుకుంటారు గానీ, ఆ వయసు పిల్లలకి ముందే తెలిస్తేనే కుదురుగా చూస్తారు. కోతి సంగతి ముందే చెప్పి, నిజంగా విషం పెట్టలేదని కూడా చెప్పు.

దాటేయాల్సిన రెండు చోట్లకి నిమిషాలు రాసుకునే బదులు గుర్తులు పెట్టుకో. పాత డీవీడీలో ఈ 115 నిమిషాల సినిమా దాదాపు 110 నిమిషాలకే అయిపోవచ్చు. కోత పెట్టారని కాదు, సెకనుకి 24 ఫ్రేముల్లో తీసింది 25 చొప్పున నడుస్తుంది, నాలుగు శాతం ముందుంటుంది. ఒక కాపీలో నిమిషాలు రాసుకుని ఇంకోదాంట్లో వేస్తే, ఆఖరికొచ్చేసరికి నాలుగు నిమిషాలకు పైగా తేడా వస్తుంది, తప్పించాలనుకున్నదే కళ్ళబడుతుంది. విమానం దగ్గర గుండు మెకానిక్ చొక్కా విప్పి దిగాడంటే సిద్ధంగా ఉండు. హీరో పరుగెత్తి మారియన్‌ని విమానంలోంచి బయటికి లాగే చోట మళ్ళీ నడిపించు. ఆఖర్లో గుర్తు ఇంకా తేలిక. కళ్ళు మూసుకో, ఏం జరిగినా చూడకు అని హీరోయే మారియన్‌తో అంటాడు. ఆ మాట వినగానే మీ ఇద్దరూ కళ్ళు మూసుకోండి, ఆటలాగా. మంట ఆకాశానికెగిరి, తిరిగొచ్చి, పేటిక మూత పడిన చప్పుడయ్యాక తెరవొచ్చు. కానీ కళ్ళు మూసినంత మాత్రాన చెవులు మూసుకోవు. ఆ అరుపులు ముఖాలకన్నా ఎక్కువ గుర్తుండిపోతాయి, అందుకే ముందే వాల్యూమ్ సగానికి తగ్గించు. టీవీ సెట్టింగుల్లో నైట్ మోడ్ ఉంటే మొదటినుంచీ అదే పెట్టు, అప్పుడు మాటలు వినపడేలా సౌండ్ పెంచినా పేలుళ్ళు అదరగొట్టవు. గదిలో లైటు వెలగనివ్వు. పగలే చూడండి, పడుకోబోయే ముందు వద్దు. పాములగదిలోంచి ఇద్దరూ బయటపడ్డాక ఆపితే మంచి విరామం. భయం మధ్యలో ఎప్పుడూ ఆపకు, ఆపితే పిల్లల బుర్రలో ఆ భయం అక్కడే నిలిచిపోతుంది.

ఇంకో రెండు మాటలు. కత్తి తిప్పుతూ ఎదురొచ్చినవాణ్ణి హీరో తుపాకీతో కాల్చేస్తే అది నవ్వుకి పెట్టిన దృశ్యం. అరబ్బులూ, నేపాలీలూ, అడవి తెగవాళ్ళూ చాలా చోట్ల గుంపుగా వచ్చి పడిపోయే మనుషులే తప్ప పేర్లున్నవాళ్ళు కారు. సినిమా ఆపి పాఠం చెప్పనక్కర్లేదు. అయిపోయాక "ఆ ఊరివాళ్ళ వైపునుంచి చూస్తే ఇతను ఎవరు?" అని ఒక్క ప్రశ్న అడుగు, తొమ్మిదేళ్ళది బాగానే ఆలోచిస్తుంది. రెండోది, చూసిన మర్నాడు కొరడా ఆట మొదలవుతుంది, తాడు దొరకని చోట పెట్టు. మెడకి తాడు రానివ్వకూడదు.

పెద్దది చూస్తున్నంతసేపూ చిన్నోణ్ణి అదే గదిలో బొమ్మలతో కూర్చోబెట్టొద్దు. ఆడుకుంటూనే ఉంటాడు, సరిగ్గా అరుపు వినపడ్డప్పుడు తలెత్తుతాడు. బావని వాణ్ణి బయటికి తీసుకెళ్ళమను. ఒకవేళ ఎలాగో చూసి భయపడ్డాడంటే, వివరించకుండా ముందు దగ్గరికి తీసుకో, లైటు వెయ్యి, తాగడానికి ఏదైనా ఇవ్వు. మాటలు తర్వాత. వాడు బొమ్మ గీసి చూపిస్తానంటే గీయనివ్వు.

పెద్దదానికి ఇది నచ్చి ఇంకోటి కావాలంటే వరసగా రెండోది వెయ్యకు, మూడోదానికి వెళ్ళిపోండి. అందులోనూ ఆఖర్లో ఒక మనిషి క్షణాల్లో ముసలివాడై అస్థిపంజరమవుతాడు. తప్పు పాత్ర ఎంచుకుని అందులో నీళ్ళు తాగగానే మొదలవుతుంది అది, రిమోట్ అక్కడికి సిద్ధంగా పెట్టుకో.

బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ తమ్ముడు