పన్నెండేళ్ళ పిల్ల మీద తిట్లు కూడా వార్తేనా?

సంపాదకులకు నమస్కారం.

కిందటి వారం మీ సినిమా పేజీలో మూలగా ఒక చిన్న వార్త వేశారు. ఏదో ఇంగ్లిష్ పిల్లల నవలని సిరీస్‌గా తీస్తున్నారనీ, అందులో ఒక పాత్రకి తీసుకున్న నటుణ్ణి "నెటిజన్లు ఏకిపారేస్తున్నారు" అనీ. మొత్తం ఆరు వాక్యాలు. అందులో నాలుగు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పెట్టిన కామెంట్లే. ఆ నటుడు ఇంతకుముందు ఏం చేశాడో, ఈ వేషం అతనికి ఎందుకిచ్చారో ఒక్క ముక్క లేదు. ఇలాంటివి అన్ని పేపర్లలోనూ వస్తున్నాయి. నేను డబ్బిచ్చి కొనేది మీది కాబట్టి మీకే రాస్తున్నాను.

మా ఇంట్లో ఈ గొడవ పాతదే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రిక్ రియోర్డన్ రాసిన 'పెర్సీ జాక్సన్' పుస్తకాలంటే ప్రాణం. మొదటి భాగం అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పార్సిళ్ళకి వేసే బ్రౌన్ టేపు వేసుకుని మళ్ళీ మళ్ళీ చదువుతుంది. గ్రీకు దేవతలకి మనుషుల వల్ల పుట్టిన పిల్లల కథ అది. మన కర్ణుడో భీముడో ఈ కాలంలో అమెరికాలో స్కూలు బ్యాగు తగిలించుకుని తిరిగితే ఎలా ఉంటుందో అలా. అందులో అనబెత్ అనే అమ్మాయి జ్ఞానదేవత అథీనా కూతురు. ఎవరికీ తట్టని ఉపాయం ఆమెకి తడుతుంది. పెద్దయ్యాక ఆర్కిటెక్ట్ కావాలని కల. ఆమె దగ్గరొక టోపీ ఉంటుంది, అది పెట్టుకుంటే మాయమైపోతుంది. పుస్తకంలో ఆమెది బంగారు రంగు జుట్టు, బూడిద రంగు కళ్ళు.

ఈ పుస్తకాల్ని సిరీస్‌గా తీస్తూ, 2022 మే నెలలో ఆ పాత్రకి లియా జెఫ్రీస్ అనే నల్లజాతి అమ్మాయిని తీసుకున్నట్టు ప్రకటించారు. అప్పటికి ఆ పిల్లకి 12 ఏళ్ళు. ఇక తిట్లు మొదలయ్యాయి. మూకుమ్మడిగా ఫిర్యాదులు కొట్టడంతో తన టిక్‌టాక్ ఖాతా పోయిందని ఆ పిల్లే చెప్పుకుంది. రియోర్డన్ అదే నెలలో తన వెబ్‌సైట్‌లో పెద్ద జవాబు రాశాడు. అభ్యంతరం ఉంటే నన్ను అడగండి, చిన్నపిల్లని వేధించకండి, ఒంటి రంగు చూసి పనికిరాదనడం జాత్యహంకారమే అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. పుస్తకం రాసినవాడికి లేని నొప్పి చదివినవాళ్ళకి ఎందుకో మరి.

"పుస్తకంలో ఉన్నట్టు లేదు" అన్నది వాళ్ళ వాదన. పుస్తకంలో కథానాయకుడు పెర్సీది నల్ల జుట్టు. సిరీస్‌లో ఆ వేషం వేసిన వాకర్ స్కోబెల్‌ది బంగారు రంగు జుట్టు. దానికి ఇంత రభస జరగలేదు. 2010లో ఇదే కథని సినిమాగా తీసినప్పుడు అనబెత్‌గా వేసిన అలెగ్జాండ్రా డడారియోది ముదురు రంగు జుట్టు. అప్పుడూ అభిమానులు సణిగారు. 2013లో వచ్చిన రెండో సినిమాకి ఆమె జుట్టు బంగారు రంగులోకి మారింది. జుట్టుకి రంగు వేస్తే తీరిపోయే పేచీ అది. 'హంగర్ గేమ్స్' అనే ఇంకో నవల సంగతి ఇంకా విచిత్రం. రూ అనే చిన్నపిల్లది ముదురు గోధుమ రంగు ఒళ్ళని పుస్తకంలోనే ఉంది. 2012లో సినిమా వచ్చాక, నల్లపిల్లని ఎందుకు పెట్టారని అడిగినవాళ్ళున్నారు! ఆ పేజీ వీళ్ళు చదివారో, తిప్పేశారో.

ఇదంతా అక్కడెక్కడో అమెరికాలో జరిగిన గొడవ అనుకుందామంటే కుదరదు. ఆ పెర్సీ జాక్సన్ సిరీస్‌లోనే పెర్సీ స్నేహితుడు గ్రోవర్ వేషం ఆర్యన్ సింహాద్రి వేశాడు. భారత సంతతి అబ్బాయి. ఆ పేరు చూడగానే డాలస్‌లో ఉండే మా మరిది ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టి "మనవాడే" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. కాసేపటికి అదే గ్రూపులో లియా ఫొటో కింద ఇంకొకరు ఒక జోకు వేశారు. ఇక్కడ రాయలేను. గ్రోవర్ భారతీయుడని పుస్తకంలో ఎక్కడైనా ఉందా? నడుం కింద మేక కాళ్ళని మాత్రం ఉంది. ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆ జోకు మా అమ్మాయి కూడా చదివింది. తనది నా రంగే, చామనఛాయ. ఏమీ అనకుండా ఫోను టేబుల్ మీద బోర్లా పెట్టేసింది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా స్కూలు వార్షికోత్సవంలో ద్రౌపది డైలాగులన్నీ నాకే నోటికొచ్చు. వేషం మాత్రం తెల్లగా ఉన్న అమ్మాయికిచ్చి, నన్ను తెర వెనక ప్రాంప్టింగ్‌కి నిలబెట్టారు. ద్రౌపదికి కృష్ణ అనే పేరు నల్లగా ఉండటం వల్లే వచ్చిందని నాకు ఆ తర్వాత చాలా ఏళ్ళకి తెలిసింది. వెండితెర మీద ఎంతమంది తెల్లటి ద్రౌపదుల్ని చూశామో లెక్క లేదు. భారతంలో ఉన్నట్టు లేదని అలిగినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

అభిమానులు నోరు మూసుకోవాలని నేననడం లేదు. 1956లో 'సొంతవూరు' సినిమాలో ఎన్టీ రామారావు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. అందుకే మరుసటి ఏడు 'మాయాబజార్'లో ఆ వేషానికి ఆయనే జంకారు. కె.వి. రెడ్డి పట్టుబట్టి, ఆహార్యం దగ్గర్నుంచి ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టి వేయించారు. ఆ తర్వాత క్యాలెండర్లలో కృష్ణుడంటే ఆయన మొహమే. ఇందులో నాకు నచ్చేది, జనం సినిమా చూశాక బాగాలేదన్నారు. తీసేవాళ్ళు దిద్దుకోవడానికి అందులో ఏదో ఒకటి దొరికింది. ఒంటి రంగు బాగాలేదంటే ఆ పిల్ల ఏం దిద్దుకుంటుంది?

మీ దగ్గర సినిమా డెస్కులో పనిచేసేవాళ్ళని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఎవరినైనా ఒక పాత్రకి తీసుకున్నప్పుడు, సినిమా రాకముందే వచ్చే తిట్లని ఏరి వార్తగా అచ్చు వేయకండి. వేషం వేసింది చిన్నపిల్లలైతే అసలే వద్దు. పది కామెంట్లని "నెటిజన్లు" అనే ఒక్క మాటలో కట్టేస్తే ఊరంతా అన్నట్టు కనబడుతుంది. సిరీస్ వచ్చాక ఎంత చీల్చి చెండాడినా చదువుతాం.

మా అమ్మాయికి కూడా ఆ సిరీస్ మీద కోపం ఉంది. పుస్తకంలో పిల్లలు ముగ్గురూ 'ఆంటీ ఎమ్' షాపులో బర్గర్లు తింటూ కూర్చుంటారు. ఆవిడ, కళ్ళలోకి చూసినవాళ్ళని రాయిగా మార్చేసే మెడూసా అని చివరిదాకా తేలదు. మనకి మాత్రం పేజీ పేజీకీ టెన్షన్. సిరీస్‌లో గుమ్మం దగ్గరే ఆవిడెవరో తెలిసిపోతుంది. "ఇంక భయం ఎక్కడుంటుందమ్మా?" అని 2023 డిసెంబరులో చూసినప్పుడు మొదలుపెట్టిన పోరు ఇప్పటికీ ఆపలేదు. దాని మీద నోటుబుక్కులో రెండు పేజీలు రాసి పెట్టుకుంది. మీ ఆదివారం పిల్లల పేజీకి పంపమంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం