రిక్వెల్మే ఆట చూడని వాళ్లుంటే...

ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ల గురించి ఇంత మాట్లాడుకున్నాం, అర్జెంటీనా ఆటగాడు రిక్వెల్మే పేరు ఎవరూ ఎత్తలేదేంటి? వేగం పెద్దగా లేదు, కానీ బంతిని బూటు కింద తిప్పుతూ డిఫెండర్‌ని వీపుతోనే ఆపేసేవాడు. 2000లో టోక్యోలో అతని అర్జెంటీనా క్లబ్ బోకా జూనియర్స్ 2-1తో రియల్ మాడ్రిడ్‌ని ఓడించిన మ్యాచ్ వెతికి చూడండి, రెండో గోల్‌కి సహచరుడు పలెర్మోకి అతనిచ్చిన ఆ పొడవాటి పాస్ ఒక్కటి చాలు. తర్వాత వెళ్లిన బార్సిలోనా క్లబ్‌లో ఇమడలేదు. మరో స్పెయిన్ క్లబ్ విల్లారియల్‌ని 2006లో యూరప్ క్లబ్‌ల చాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా మోసుకెళ్తే, చివరి నిమిషాల్లో అతని పెనాల్టీని ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమన్ ఆపేశాడు. ఆ ఏడాదే ప్రపంచకప్ క్వార్టర్స్‌లో అర్జెంటీనా జర్మనీ మీద 1-0 ఆధిక్యంలో ఉండగా అతన్ని బయటికి పిలిచేశారు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మరుసటి ఏడాది బోకాకి తిరిగొచ్చి దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్ లిబర్టడోరెస్ ఫైనల్లో, రెండు మ్యాచ్‌లూ కలిపి, బ్రెజిల్ క్లబ్ గ్రేమియో మీద మూడు గోల్స్ కొట్టాడు.