అంబులెన్స్ నడిపిన అన్నగారికి కృతజ్ఞతలు

గత నెలలో మా నాన్నగారు ఆసుపత్రిలో కన్నుమూసిన రాత్రి, ఆయన భౌతికకాయాన్ని మలక్‌పేటలోని మా ఇంటికి చేర్చిన అంబులెన్స్ డ్రైవరుగారికి కుటుంబమంతటి తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాన్నగారు ఉన్నచోట నవ్వు ఉండేది. అలిగిన పిల్లలను, కోపం వచ్చిన అమ్మను, చివరి రోజుల్లో సూది వేయడానికి వచ్చిన నర్సులను సైతం ఆయన ఒక్క మాటతో నవ్వించేవారు. జీతం అందిన ఆదివారం మమ్మల్నందరినీ మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి, సీతాఫలాల కాలమైతే సీతాఫలం ఐస్‌క్రీమే ఇప్పించి, 1935లో కట్టిన ఆ రాతి కట్టడం మీది గడియారాన్ని చూపిస్తూ, "మీరు ఐస్‌క్రీమ్ ఎంతసేపు తింటారో లెక్క చూడటానికే నిజాంగారు దీన్ని పెట్టించారు" అనేవారు. చిన్నప్పుడు మేము నమ్మాము కూడా.

అమ్మ ఏడుస్తూ ఈ సంగతే తలచుకోవడం మీరు విన్నారు. అప్పుడేమీ అనలేదు. నాంపల్లి దాటి మార్కెట్ కూడలి రాగానే వాహనాన్ని పక్కకు తీసి ఆపి, దిగి వచ్చి వెనుక తలుపు తెరిచి, "అమ్మా, పెద్దాయనకు ఒక్కసారి చూపించండి, తొందరేమీ లేదు" అన్నారు. అమ్మ నాన్నగారి చేయి పట్టుకుని ఆ గడియారం మాటనే ఆయనకు తిరిగి చెప్పింది. ఏడుపు మధ్యలోనే మేమందరం నవ్వాము. మేము తేరుకునేదాకా మీరు కాస్త దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ కాసేపు ఆగడం మీ పనిలో భాగం కాదు. అందుకు మీకు మా అందరి నమస్కారాలు. మా ఇల్లు మీకు తెలుసు. ఒకసారి భోజనానికి రావాలని అమ్మ మరీ మరీ కోరుతోంది.