మా ప్యాకెట్ మీది ‘ఒక సర్వింగ్’ గురించి ఒక ఒప్పుకోలు

మా గ్రానోలా, పీనట్ బటర్, వేయించిన గింజల ప్యాకెట్లు కొనే అందరికీ నమస్కారం.

వచ్చే బ్యాచ్ నుంచి మా లేబుళ్ల మీద అంకెలు మారుతున్నాయి. గ్రానోలా ప్యాకెట్ మీద ‘ఒక సర్వింగ్ (అంటే ఒకసారికి తినే కొలతగా మేం రాసిన 30 గ్రాములు) 133 కేలరీలు’ అని ఉండే చోట ఇకపై 50 గ్రాములకు 230 అని కనబడుతుంది. కంగారు పడకండి, ప్యాకెట్ బరువు తగ్గలేదు, ఈ బ్యాచ్ కోసం లోపల కొత్తగా ఏమీ కలపలేదు. మారింది మా లెక్క. ఎందుకు మారిందో చెప్పాలంటే కాస్త నా పరువు పోయే సంగతులు కూడా చెప్పాలి.

మూడు నెలల కిందట ఒక కస్టమర్ మెసేజ్ పెట్టారు. తినేదంతా ఏ రోజుకారోజు ఫోన్‌లో రాసుకుని కేలరీలు లెక్కపెట్టే మనిషి. పొద్దున్నే మా గ్రానోలా ఒక గిన్నెడు తిని, ‘ఒక సర్వింగ్’ అని రాసుకునేవారట. రెండు నెలలైనా బరువు కదల్లేదు. విసుగొచ్చి వంటింటి కాటా ఒకటి కొని తూస్తే, ఆ గిన్నెలో ఉన్నది మూడు సర్వింగ్‌లు. ‘ఈ 30 గ్రాములు ఎవరి కోసం రాశారండీ, పిచ్చుకల కోసమా?’ అని అడిగారు.

నేనేమన్నానంటే, ‘లేబుల్ మీద 30 గ్రాములని స్పష్టంగానే ఉంది కదండీ’ అన్నాను. అబద్ధం కాదు. కానీ పంపిన పది నిమిషాలకే అది ఎంత పొగరు జవాబో నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున నా గిన్నెలో నేను రోజూ పోసుకున్నంతే పోసుకుని కాటా మీద పెట్టాను. 92 గ్రాములు. సరుకు తయారుచేసే మనిషిని, లేబుల్ రాసిన మనిషిని, నేనే మూడు సర్వింగ్‌లు తింటూ ఒకటనుకుంటున్నాను. తర్వాత అదే గిన్నెలో సరిగ్గా 30 గ్రాములు తూచి పోశాను. గిన్నె అడుగు కూడా పూర్తిగా కప్పలేదు. మా దగ్గర ప్యాకింగ్ చూసే అమ్మాయి అటుగా వెళ్తూ చూసి, ‘ఇది రుచి చూడ్డానికా?’ అంది.

మరి 30 ఎక్కడి నుంచి వచ్చింది? ఇదే అసలు ఒప్పుకోలు. మొదట్లో లేబుల్ తయారు చేసుకునేటప్పుడు వేరే కంపెనీల ప్యాకెట్లు ముందు పెట్టుకుని చూశాను. ఒకరు 30 అన్నారు, ఒకరు 40, ఒకరు 55. అన్నిటికంటే చిన్నది తీసుకున్నాను, ఎందుకంటే దానితో లెక్కవేస్తే కేలరీల అంకె 150 లోపు వస్తోంది. చూడ్డానికి బాగుంటుంది. జనం ఎంత తింటారని ఎవరినీ అడగలేదు, నా గిన్నె కూడా చూసుకోలేదు. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. అందుకే అన్నాళ్లు నడిచిపోయింది.

‘సర్వింగ్’ అంటే ఇంతే తినమని డాక్టరు రాసిన మోతాదు అని చాలామంది అనుకుంటారు. కాదు. అది లెక్క కోసం పెట్టుకున్న కొలత మాత్రమే. అమెరికాలో చట్టం ప్రకారం సర్వింగ్ అనేది జనం మామూలుగా ఒకసారికి తినేంత ఉండాలి, తినాల్సినంత కాదు. 2016లో అక్కడ ఈ కొలతలు సవరించినప్పుడు ఐస్‌క్రీమ్ సర్వింగ్‌ను అరకప్పు నుంచి కప్పులో మూడింట రెండు వంతులకు పెంచారు. కూల్ డ్రింకుల సర్వింగ్ 8 ఔన్సుల (దాదాపు 240 మి.లీ.) నుంచి 12 ఔన్సులు (దాదాపు 355 మి.లీ.) అయింది. ఎక్కువ తినమని కాదు. జనం ఎప్పటినుంచో అంత తింటుంటే, తాగుతుంటే, కాగితం మీద మాత్రం పాత అంకె మిగిలిపోయిందని. యూరప్‌లో ఇంకో పద్ధతి: 100 గ్రాములకు ఎన్ని కేలరీలో రాయడం తప్పనిసరి, సర్వింగ్ లెక్క రాయడం కంపెనీ ఇష్టం. నాకు ఈ రెండోదే నచ్చింది. 100 గ్రాములు అందరికీ 100 గ్రాములే, అందులో తిరకాసు పెట్టడానికి చోటు లేదు.

తిరకాసు ఎంతదాకా పోతుందో చెప్పడానికి వంటనూనె స్ప్రే డబ్బాలకు మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. కొన్నిటి మీద ఒక సర్వింగ్ అంటే సెకనులో మూడో వంతు కొట్టిన స్ప్రే. బరువు పావు గ్రాము. సర్వింగ్‌కు 5 కేలరీల లోపుంటే సున్నా అని రాసుకోవచ్చని అమెరికా నిబంధన, కాబట్టి డబ్బా మీద ‘0’ అని ఉంటుంది. లోపల ఉన్నది నూనే. కొవ్వు ఏ రూపంలో ఉన్నా గ్రాముకు 9 కేలరీలు. పెనం మీద ఐదు సెకన్లు కొడితే పదిహేను సర్వింగ్‌లు, దాదాపు 34 కేలరీలు. సున్నాను పదిహేనుతో గుణిస్తే 34 వచ్చే గణితం ఇదొక్కటే. నవ్వుకున్నాను గానీ, నా 30 గ్రాములు కూడా ఆ బడిలో చదివినవేగా.

సర్వింగ్ చిన్నగా కనబడటానికి కంపెనీల తెలివి ఒక్కటే కారణం కాదు, సరుకు గుణం కూడా ఉంది. గ్రానోలా అంటే ఓట్స్, గింజలు, తేనె, నూనె కలిపి ఓవెన్‌లో నీళ్లన్నీ పోయేదాకా కాల్చిన తిండి. నీటికి బరువుంది, కేలరీలు లేవు. నీళ్లు పోతే మిగిలేదంతా కేలరీలున్న పదార్థమే. యాపిల్‌లో నూటికి ఎనభైకి పైగా నీళ్లే, 100 గ్రాములకు 52 కేలరీలు. మా గ్రానోలా 100 గ్రాములకు 461. అంటే ఆ 30 గ్రాముల చారెడు గ్రానోలాలో ఉన్న కేలరీల కోసం పావుకిలోకు పైగా యాపిల్ తినాలి. కడుపు నిండిన తీరులో మాత్రం రెండిటికీ పోలికే ఉండదు. ఇది చెప్తే అమ్మకాలు తగ్గుతాయేమోనని మా ఇంట్లోవాళ్లకు టెన్షన్. నాకూ ఉంది. అయినా నిజం అదే.

అన్నట్టు, 461 అనే అంకె గురించి కూడా ఒక మాట. పాత లేబుల్ మీద 100 గ్రాములకు 442 అని ఉంది. అది మొదట్లో ల్యాబ్‌లో పరీక్ష చేయించినప్పటి లెక్క. మధ్యలో మీరే అడిగారని బాదం, జీడిపప్పు పాళ్లు పెంచాం. పెంచినట్టు ప్యాకెట్ ముందువైపు గొప్పగా రాసుకున్నాం, వెనకవైపు అంకె మార్చడం మర్చిపోయాం. గింజల్లో సగం దాకా కొవ్వే కాబట్టి కేలరీలు పెరగక తప్పదు. ఇప్పుడు మళ్లీ పరీక్ష చేయించాం. ఇది మాత్రం నిర్లక్ష్యమే, క్షమించండి.

పీనట్ బటర్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. సీసా మీద ‘రెండు టేబుల్ స్పూన్లు, 32 గ్రాములు’ అని ఉంది. అది కొలత చెంచాతో తీసి, పైన కత్తితో చదును చేస్తే వచ్చే లెక్క. పీనట్ బటర్‌ను అలా చదును చేసి తినే మనిషిని నేనింతవరకూ చూడలేదు. చెంచా ముంచి తీస్తే పైన గోపురంలా లేస్తుంది, కింద అంటుకుని వస్తుంది. ఇంట్లో పెద్ద చెంచాతో నేను తీసినప్పుడు ఒక్కసారికే 29 గ్రాములు వచ్చింది. రెండు చెంచాలంటే 58. లేబుల్ ప్రకారం 190 కేలరీలనుకుంటే, నిజంగా తిన్నవి 350 దాకా. చెంచా నాకడం ఇందులో కలపలేదు. సర్వింగ్ మాత్రం 32 గ్రాములే ఉంచుతున్నాం, రొట్టె ముక్క మీద పలచగా రాస్తే అది నిజంగానే సరిపోతుంది. కానీ ‘రెండు చెంచాలు’ అన్న మాట తీసేసి గ్రాములు పెద్ద అక్షరాల్లో వేస్తున్నాం.

గింజల ప్యాకెట్ విషయంలో నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది. అది 45 గ్రాముల చిన్న ప్యాకెట్. చింపితే ఒక్కసారికే అయిపోతుంది. దాని వెనక మేం రాసింది: ‘ప్యాకెట్‌లో ఒకటిన్నర సర్వింగ్‌లు, సర్వింగ్‌కు 180 కేలరీలు’. ఆ మిగతా సగం ఎవరికి దాచిపెట్టాలి? ఇకపై ‘ప్యాకెట్ మొత్తం 270 కేలరీలు’ అని ఒకే ముక్క రాస్తాం. ఒక కొసరు సంగతి: సరిగా నలగకుండా కడుపులోకి వెళ్లిన గింజ ముక్కల్లోని కొవ్వు కొంత ఒంటికి పట్టకుండానే పోతుంది. బాదం మీద అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో 28 గ్రాముల బాదం నుంచి ఒంటికి అందేది 129 కేలరీలే అని తేలింది. లేబుల్ పద్ధతిలో లెక్కిస్తే 160 పైచిలుకు వస్తుంది. ఇది చూపించి మా అంకెలు తగ్గించుకోవాలని మాత్రం మేం అనుకోవడం లేదు. మా ప్యాకెట్‌లో బాదం ఒక్కటే లేదు, పైగా అవి వేయించినవి.

చాలామంది అడిగినది: ‘ప్యాకెట్‌లో ఒక కొలత కప్పు వేయొచ్చు కదా?’ ప్రయత్నించాం, మానుకున్నాం. గ్రానోలా ప్యాకెట్‌లో పెద్ద ఉండలు పైకి చేరతాయి, పొడి అడుక్కి దిగుతుంది. ఒకే ప్యాకెట్ నుంచి ఒకే కప్పుతో తీస్తే పైనుంచి 41 గ్రాములు, అడుగు నుంచి 58 గ్రాములు వచ్చింది. అంత తేడా ఉన్న కప్పును చేతిలో పెట్టి ‘ఇదే కొలత’ అంటే మళ్లీ పిచ్చుకల కథే అవుతుంది.

గ్రానోలా సర్వింగ్‌ను 50 గ్రాములు చేయడానికి కారణం కూడా చెప్పేస్తాను. మా ఇంట్లో, మా దగ్గర పనిచేసేవాళ్ల ఇళ్లలో, అడిగితే ఒప్పుకున్న కొందరు కస్టమర్ల ఇళ్లలో పొద్దుటి గిన్నె తూయించాం. అందరిలోకీ తక్కువ 44, ఎక్కువ 110. అమ్మో, ఆ 110 నేను కాదు. ఇది శాస్త్రమేమీ కాదు, పదకొండు గిన్నెల లెక్క. మరి సగటు పెట్టొచ్చుగా అంటారేమో. సగటు 73 వచ్చింది. పాలు, పండ్ల ముక్కలు కలుపుకునేవాళ్లకు 50 సరిపోతోందని, ఉత్తదే తినేవాళ్లకు చాలడం లేదని తేలింది. అందుకే లేబుల్ మీద రెండు వరసలు వేస్తున్నాం: 50 గ్రాములకు 230, 75 గ్రాములకు 346. వాటికి పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, 100 గ్రాముల లెక్క. షాపులో మా ప్యాకెట్ పక్కన ఇంకొకరిది పెట్టి చూసి ‘వాళ్లది 130, మీది 230’ అని పక్కన పెట్టేసే ముందు దయచేసి ఆ పై వరస ఒక్కటి పోల్చి చూడండి.

మీరు కేలరీలు లెక్కపెట్టుకునేవాళ్లయితే, జీవితాంతం కాటా ముందు కూర్చోనక్కర్లేదు. రోజూ తినే గిన్నెలో రోజూ పోసుకునేంత ఒక్కసారి పోసి తూయండి. ఆ గిన్నె మారనంతవరకూ ఆ అంకె దాదాపు నడుస్తుంది. పీనట్ బటర్‌కైతే సీసానే కాటా మీద పెట్టి సున్నా నొక్కండి, కావలసినంత తీయండి. కాటా మైనస్‌లో చూపించేదే మీరు తీసినది. కొలత చెంచా కడుక్కునే పని కూడా తగ్గుతుంది. మా సరుకు కాకపోయినా ఇంకోటి: బియ్యం, పాస్తా లాంటివాటి ప్యాకెట్ల మీది లెక్క చాలావరకూ వండకముందు బరువుకి. 100 గ్రాముల బియ్యం దాదాపు 360 కేలరీలు, 100 గ్రాముల అన్నం 130. అన్నం తూచి బియ్యం లెక్క రాసుకుంటే ఆకలితో మాడిపోతారు, బియ్యం తూచి అన్నం లెక్క రాసుకుంటే ఆ మెసేజ్ పెట్టినాయనలా అయిపోతారు. ఆయనకు విడిగా క్షమాపణ చెప్పాను. ఆయన గిన్నె కూడా ఆ పదకొండింటిలో ఉంది.

పాత లేబుళ్లున్న సరుకు ఇంకా కొంత మిగిలింది. పారేయలేం కాబట్టి వాటి వెనక కొత్త అంకెల స్టిక్కర్ అంటిస్తున్నాం. స్టిక్కర్ లేని ప్యాకెట్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, గ్రానోలాకు 100 గ్రాములకు 461 అని వేసుకోండి. స్టిక్కర్లు ముగ్గురం కూర్చుని చేత్తో అంటిస్తున్నాం, వంకరగా ఉంటే ఏమనుకోకండి.