మన పెరటి కోళ్ల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది విన్న అరుపులు, చూసిన కునుకులు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన విజయనగరం సంఘం చేసిన పనులు ఇందులో రాస్తున్నాను. ముందు చిన్న విషయాలు. ఆదివారం సమావేశాలు నెలనెలా జరిగాయి. సిరిమానోత్సవం నెలలో మాత్రం ఎవరూ రాలేదు, రమ్మని మేమూ అడగలేదు. ఊక బస్తాలు అందరం కలిసి కొనుక్కునే పద్ధతి కొనసాగింది. జమాఖర్చుల లెక్క వేరే కాగితం మీద ఉంది, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు.

ఇక అసలు సంగతి. కార్యదర్శినైన పాపానికి నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం రోగాల గురించి కాదు. "కోడిపిల్లలు ఆపకుండా అరుస్తున్నాయండీ" అని సగం, "పిల్లలు అస్సలు అరవట్లేదండీ, పడుకుండిపోయాయి" అని సగం. అరిస్తే టెన్షన్, అరవకపోతే ఇంకా టెన్షన్. అందుకని వానాకాలం నుంచి సమావేశాల్లో మందుల ముచ్చట తగ్గించి, ఎవరో ఒకరి ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టాం.

దీనికి కారణం కంటోన్మెంట్ వైపు ఉండే ఒక సభ్యుడు. వనరాజ (పెరట్లో పెంచే కోళ్ల రకం) పిల్లలు తెచ్చిన మొదటి రాత్రే పదకొండింటికి ఫోన్ చేశారు. వెళ్లేసరికి వీధి మొగలోకే వినిపిస్తోంది గోల. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి, గొంతు చించుకుంటున్నాయి. "బల్బు పెట్టానండీ, ఇంకేం కావాలి వీటికి?" అన్నారాయన. పెట్టింది ఎల్ఈడీ బల్బు. వెలుగు పెళ్లిపందిరంత, వేడి మాత్రం లేదు. కొట్టుగదిలో వెతికితే పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి దొరికింది. అది తగిలించి కింద కూర్చున్నాం. కాసేపటికి కుప్ప విడింది. అరుపు సన్నబడింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడే మీరందరూ గుర్తు పెట్టుకోవాల్సింది. ముక్కులోంచి తీస్తున్న కూనిరాగంలా, ఉండీ లేనట్టుగా.

తేడా చెవికి తెలుస్తుంది. కష్టంలో ఉన్న పిల్ల అరుపు గట్టిగా, పదునుగా, ఒకే వరసలో వస్తుంది. ప్రతి కూతా పైన మొదలై కిందికి జారుతుంది. చలి, ఆకలి, దాహం, గుంపు తప్పిపోవడం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. హాయిగా ఉన్న పిల్ల కిచకిచలు పొట్టిగా, మెత్తగా ఉంటాయి, చివర కొంచెం పైకి లేస్తాయి. పిల్లలకోడి ఉంటే ఆ కష్టం కూతకి అదే పరుగెత్తుకొస్తుంది. కోడి లేని చోట ఆ పని మనది. అసలు ఈ మాటామంతీ గుడ్డులోనే మొదలవుతుంది. పొదిగిన 21 రోజులకు పిల్ల బయటకు వస్తుందనగా, ఒకటి రెండు రోజుల ముందే లోపలి నుంచి కూస్తుంది, పైనున్న తల్లి బదులిస్తుంది. గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని విని చూడండి.

వేడి లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల దాకా ఉండాలి, ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేదని కంగారు పడకండి. పిల్లలు బల్బు కింద ముద్దగా చేరితే చలి. అంచులకు పారిపోయి, నోరు తెరిచి రొప్పుతూ, చప్పుడు లేకుండా ఉంటే ఉక్క. అక్కడొకటి ఇక్కడొకటి పడుకుంటే సరిపోయినట్టు. మన మే నెల మధ్యాహ్నాల్లో బల్బు ఆర్పేయాల్సి రావచ్చు కూడా.

నిద్ర సంగతికొస్తే, కోడికునుకు అనే మాట మన పెద్దలు ఊరికే అనలేదు. వారం రోజుల పిల్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నూక ఏరుకుంటూ ఏరుకుంటూ నిలబడిపోతుంది. కింది రెప్ప పైకి లేచి కన్ను మూసుకుంటుంది. తల మెల్లగా వాలుతుంది, వాలుతుంది, ముక్కు ఊకకు తగలగానే ఉలిక్కిపడి లేస్తుంది, మళ్లీ వాలుతుంది. చివరికి ఉన్నచోటే బోర్లా పడిపోతుంది, మెడ చాపి, రెక్క ఒక పక్కకు, కాలు ఒక పక్కకు పారేసి. పక్కది దాన్ని తొక్కుకుంటూ పోయినా కదలదు. కొద్ది నిమిషాలకు లేచి, ఏమీ జరగనట్టు నీళ్ల దగ్గరకు పోతుంది.

దీన్ని చూసే ఒక సభ్యురాలింట్లో పిల్ల చచ్చిపోయిందని కాగితంలో చుట్టేశారు. బుడ్డోడు ఏడుస్తున్నాడు. వాళ్లత్తగారు పొట్లం చేతిలోకి తీసుకుని, "ఏటి బావూ, సచ్చిన పిల్ల ఇంత ఎచ్చగుంటాదేటి?" అన్నారట. కాగితం విప్పగానే అది లేచి చక్కా పోయింది.

కానీ నిద్ర అనుకున్నదల్లా నిద్ర కాదు. ఈ ముక్క నా సొంత తప్పు నుంచి రాస్తున్నాను. ఆగస్టులో జల్లు కొట్టి మా గూట్లో ఊక తడిసింది. రేపు మారుద్దాంలే అనుకున్నాను. అలా వారం గడిచింది. ఒక పొద్దున ఒక పిల్ల మూల నిలబడి కునుకుతోంది. మిగతావన్నీ దాణా దగ్గర ఉంటే ఇదొక్కటే వేరుగా, ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి, మెడ లోపలికి లాక్కుని. కోడికునుకే కదా అని ఆఫీసుకు వెళ్లిపోయాను. సాయంత్రానికి రెట్టలో రక్తం. కాక్సీడియోసిస్, అంటే పేగుల్లో పరాన్నజీవి చేరి వచ్చే జబ్బు. తడి ఊకలో అది పెరుగుతుందని నేనే సమావేశంలో చెప్పాను! పశువైద్యులు నీళ్లలో కలిపే మందు రాసిచ్చారు, అయినా మూడు పిల్లలు పోయాయి. నిద్రపోయే పిల్ల పరుచుకుని పడుకుంటుంది, ముట్టుకుంటే లేచి పరుగెడుతుంది. జబ్బు పిల్ల ముడుచుకుని నిలబడుతుంది, ముట్టుకున్నా ఓ అడుగు వేసి మళ్లీ కళ్లు మూస్తుంది.

ఇంకో అలవాటు చేసుకోండి. రాత్రి పిల్లలన్నీ పడుకున్నాక గూటి దగ్గర రెండు నిమిషాలు చెవి పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న గూట్లో ఊపిరి చప్పుడు వినపడదు. గరగర, తుమ్ములు, పిల్లికూతలు వినిపిస్తే (కోడిపిల్లకు పిల్లికూతలేమిటని నవ్వకండి) ఆ పిల్లను వేరు చేసి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధి) మాత్రం వచ్చాక మందు లేదు, టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో, 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో లసోటా అనే టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి అనే ఇంకో టీకా సూది. సీసాలో వందల డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, మన దగ్గరేమో తలో పది పిల్లలు. అందుకే టీకాల ఆదివారం పెట్టాం. ఐసు డబ్బా మోసుకొచ్చిన కుర్రాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

పిల్లలు ఒక్కసారిగా నోరు మూసుకుంటే అదీ ఒక కబురే. డిసెంబరు సమావేశం జామచెట్టు కింద జరుగుతుంటే, పెట్ట సన్నగా, సాగదీసి ఒక కూత పెట్టింది. పిల్లలన్నీ ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోయాయి. పెట్ట తల పక్కకు వాల్చి ఒంటికన్నుతో ఆకాశం చూస్తోంది. మేమూ తలెత్తాం. పైన గద్ద. పిల్లి వచ్చినప్పుడు ఆ కూత రాదు, కొక్కొక్కొక్కని గట్టిగా, తెంపు తెంపుగా అరుస్తుంది. పైనుంచి వచ్చే శత్రువుకు ఒక మాట, నేల మీద వచ్చేదానికి ఇంకో మాట అన్నమాట.

నెల దాటిన పిల్లలు చీకటి పడేముందు గోల చేస్తే బెంగపడకండి, అది చోటు కోసం తోపులాట. ఆ వయసుకు ఎత్తు మీద పడుకోవాలనిపిస్తుంది. జానెడు ఎత్తున ఒక సరుగుడు కర్ర కట్టండి. కూర్చోగానే కాలి వెనక కండరాల తాళ్లు బిగిసి వేళ్లు కర్రను పట్టుకుంటాయి, నిద్రలోనూ పడిపోవు. కొన్ని ఒక కన్ను తెరిచే నిద్రపోతాయి, మెదడులో సగం మేలుకునే ఉంటుంది. కరెంటు పోయి హఠాత్తుగా చీకటైతే మాత్రం చిన్నపిల్లలు బెదిరి మూలకు ఎగబడతాయి. కింద పడ్డవి ఊపిరాడక చస్తాయి. గూటి మూలలను అట్టముక్కతో గుండ్రంగా చేయండి.

ఫిర్యాదుల విషయం. అపార్టుమెంటు సభ్యుల పుంజుల మీద ఇరుగుపొరుగు నుంచి రెండు వచ్చాయి. రెండు మూడు నెలల పుంజుపిల్ల కూత మీసం మొలిచే కుర్రాడి గొంతులా ఉంటుంది, పొద్దెక్కినా ఆపదు, నిజమే. పుంజుల్ని పెరడున్న సభ్యులకు ఇచ్చి పెట్టలు తీసుకోవాలని తీర్మానించాం. సైకిల్ మీద అమ్మే రంగు పిల్లల్ని మాత్రం కొనకండి. అవి ఎక్కువగా గుడ్లజాతి మగపిల్లలు, వేడి లేక తిండి లేక అరిచి అరిచి వస్తాయి.

వచ్చే ఏడు గరివిడి పశువైద్య కళాశాలకు వెళ్లి అక్కడి అధ్యాపకులతో మాట్లాడాలని ఉంది, పేర్లు ఇవ్వండి. ఇళ్లలో పాత ఫిలమెంట్ బల్బులుంటే పారేయకుండా వచ్చే ఆదివారం తీసుకురండి, సంఘం పెట్టెలో దాచి అడిగినవారికి ఇస్తాం. కంటోన్మెంట్ సభ్యుడు ఇప్పటికే రెండు తెచ్చారు.

ఇట్లు,
కార్యదర్శి