ఫతేమైదాన్‌లో పల్లీల పొట్లం

సంపాదకులకు నమస్కారం.

నాకిప్పుడు 74 ఏళ్లు. చిన్నప్పుడు మా నాన్నగారు చిక్కడపల్లి నుంచి సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఫుట్‌బాల్ చూపించడానికి ఫతేమైదాన్‌కు తీసుకెళ్లేవారు. (లాల్ బహదూర్ స్టేడియం అనడం నా నోటికి ఇంకా అలవాటు కాలేదు.) కడ్డీకి తువ్వాలు చుట్టినా దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కేవి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సంగతి దారి పొడవునా చెప్పేవారు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే. పక్కవాళ్లు ఉర్దూలో, మేము తెలుగులో అరిచేవాళ్లం. గోల్ పడితే ఎవరి పల్లీల పొట్లం ఎవరి చేతిలో ఉండేదో!

1962లో, ఆ పోలీసు జట్టుకు శిక్షకుడైన మన రహీం సాబ్ శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చినప్పుడు నాన్నగారు వీధంతా మిఠాయి పంచారు. ఖాళీ అయిన పంచదార డబ్బా చూసి అమ్మ ఏమన్నదో ఇక్కడ రాయను.

మొన్న మనవణ్ని రహీం ఎవరో తెలుసా అని అడిగాను. ‘‘క్రికెటరా తాతయ్యా?’’ అన్నాడు. తప్పు వాడిది కాదు. ఆ ఐదు కప్పుల సంవత్సరాలను స్టేడియం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. రంగు ఖర్చు నేనిస్తాను.

- ఒక పాత ప్రేక్షకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్