చక్రాల పీట: తల్లిదండ్రులకు ఈ నెల ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం బడికి వచ్చినవాళ్లు సైన్సు గది ముందు ఒక నల్లటి పీటను చూసే ఉంటారు. కింద ఐదు చక్రాలు, అడుగు ఎత్తులో గుండ్రటి సీటు. మన తొమ్మిదో తరగతి పిల్లలు పాత సామాన్లతో చేసింది.

మన పిల్లాడొకడి నాన్నగారికి ఇక్కడే కడపలో బైకుల షెడ్డు ఉంది. పొద్దస్తమానం గొంతుక్కూర్చుని చైన్లు, బ్రేకులు సరిచేసేసరికి సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తున్నాయట. "నాన్నకు జరిగే పీట చేద్దాం సార్" అన్నాడు. పరీక్షల ముందు ఇదెందుకని నేను కాస్త నసిగిన మాట నిజమే.

మొదట ప్లైవుడ్ చెక్కకు మూడు చక్రాలు బిగించారు. షెడ్డులో పరిచింది కడప రాళ్లు, సందుల దగ్గర ఎగుడుదిగుడు. మూడు కాళ్లయితే ఎలాంటి నేల మీదైనా ఊగదని వాళ్ల లెక్క. లెక్క సరైనదే. పెద్దవాణ్ణి కదా అని ముందు నేనే కూర్చుని, కింద ఉన్న పానా కోసం పక్కకు వంగాను. సరిగ్గా రెండు చక్రాల మధ్య ఖాళీ వైపు బరువు పడింది. పీట ఒక పక్క, నేనొక పక్క. గరిమనాభి (వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు) గురించి ఆ రోజు బోర్డు మీద ఏమీ రాయనక్కర్లేకపోయింది.

తర్వాత ఆఫీసులో వీపు విరిగి మూలన పడున్న రివాల్వింగ్ కుర్చీ గుర్తొచ్చింది. దాని ఐదు కాళ్లూ వెడల్పుగా ఉంటాయి, అంత తేలిగ్గా ఒరగదు. మధ్యలోని గ్యాస్ సిలిండర్‌ను మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. లోపల గ్యాస్ గట్టి ఒత్తిడిలో ఉంటుంది, కోసినా వేడి చేసినా ప్రమాదం. కుర్చీలు బాగుచేసే ఆయనతోనే ఊడదీయించాం. ఆ రంధ్రంలోంచి పొడవాటి బోల్టు దూర్చి, పైనా కిందా పెద్ద వాషర్లు వేసి, చెక్క దిమ్మె మీద సీటు బిగించారు.

రెండు చక్రాలు తిరగలేదు. పారేద్దామన్నాను. ఒక అమ్మాయి చక్రం తిప్పి చూసి, "ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకున్నాయి సార్" అంది. సూదితో అరగంట లాగితే ఉండ కట్టిన వెంట్రుకలు, దారాలు బయటికొచ్చాయి. ఒక్క చుక్క నూనె వేయగానే చక్రం గిర్రున తిరిగింది.

సీటులోని ఫోమ్‌లోకి ఆయిల్ ఇంకకుండా పైన రెక్సిన్ కప్పారు. పాత స్పీకర్ అయస్కాంతాన్ని సీటు అంచు కింద అమర్చారు, విప్పిన నట్లు దానికి అంటుకుని ఉంటాయి. ఆ ఆలోచన మెకానిక్ నాన్నగారిదే.

ఇంకో రెండు పీటలు చేస్తామంటున్నారు. ఇంట్లో విరిగిన కుర్చీ కాళ్లు, చక్రాలు, రెక్సిన్ ముక్కలు ఉంటే వచ్చే శనివారం పంపండి. తుప్పు రేకులు, గాజు వద్దు. ఒక తల్లి తోటలో కలుపు తీయడానికి అడిగారు. అమ్మా, ఈ చిన్న చక్రాలు మట్టిలో దిగబడతాయి. పిల్లల పాత సైకిల్ చక్రాలు దొరికితే చెప్పండి, చూద్దాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు